కూలి ఎవరు కట్టారో రాయి

కావలి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. 'పెప్టైడ్ వాహకాలు మన దేహంలో నిరంతరం శ్రమించే అద్భుత సైనికులు' అన్న మొదటి వాక్యం దగ్గరే కాఫీ గ్లాసు పక్కన పెట్టేశా. అమైనో ఆమ్లాల చిన్న గొలుసుల్ని కణంలోకి మోసే ప్రోటీన్లు సైనికులేంది? జీతం ఎవరిస్తున్నారు వాళ్ళకి?

నాకున్న చాదస్తం ఇదొక్కటే. ఒక వస్తువు యాడ్నించో యాడికో పోయిందని రాస్తే, మోత కూలి ఎవరు కట్టారో కూడా రాయాల. నాలుగు పేజీల్లో 'తీసుకెళ్తాయి' అని పదకొండు సార్లు రాశావు, లెక్కపెట్టా. కూలి ఊసే లేదు.

మా చిన్నప్పుడు చేలో ఆయిలింజను నీళ్ళు తోడి గట్టుమీద తొట్టిలో పోసేది. తొట్టిలోంచి కాలవలోకి దూకే నీళ్ళతో ఆకూ అలమూ కొట్టుకుపోయేవి. ఆకుని తోసింది నీళ్ళే. డీజిలు డబ్బులు మాత్రం మా నాయనవి.

సన్నపేగులోనూ అదే కథ. కణం వెనకవైపు, అంటే రక్తంవైపు గోడలో సోడియం-పొటాషియం పంపు ఉంటుంది. కణానికి డీజిలులాంటి ఏటీపీ ఖర్చుపెట్టి మూడు సోడియంలని బయటికి నెట్టి, రెండు పొటాషియంలని లోపలికి లాగుతుంది. మన ఇంజను అదే. లోపల సోడియం కరువైందా, పేగువైపు గోడలో ఇంకో ప్రోటీను ఒక సోడియాన్ని రానిచ్చి, బదులుగా ధనావేశమున్న ఒక ప్రోటాన్‌ని బయటికి తోస్తుంది. బయట ప్రోటాన్ల తొట్టి నిండింది. కణం లోపల రుణావేశం కూడా ఉంది కాబట్టి ఆ ప్రోటాన్లు మళ్ళీ లోపలికే దూకాలని చూస్తాయి. ఆ దూకుడుని పట్టుకునే పెప్ట్-1 అనే వాహకం రెండు మూడు అమైనో ఆమ్లాల ముక్కని లోపలికి ఈడ్చుకొస్తుంది. ఒంటిగా ఉన్నదాని జోలికి పోదు, నాలుగు కలిసినదాన్ని ముట్టదు. 20 రకాల అమైనో ఆమ్లాలతో జతలే 400, మూడేసి కూర్చితే 8,000. ఇన్ని ఆకారాలకి ఒకే వాకిలి! నీ 'అద్భుతం' ఇక్కడ పెట్టుకో, ఏమీ అనను.

కిడ్నీని చెత్త ఊడ్చే యంత్రం అన్నావే, అది ఇంకా తప్పు. రోజుకి 180 లీటర్ల దాకా వడగట్టి, లీటరో రెండో బయటికి వదిలి, మిగతాదంతా వెనక్కి తీసుకునే పిసినారి అది. కిడ్నీ నాళిక మొదట్లో పెప్ట్-1, ఆ తర్వాత అదే పని చేసే పెప్ట్-2. పేగులోది కళ్ళంలో బస్తాలెత్తే కూలోడు. సరుకు దండిగా ఉంటేనే ఊపు, పట్టు వదులు. పెప్ట్-2 పరిగె ఏరుకునే ముసలమ్మ. ఎత్తేది కొంచెమే, కానీ ఒక్క కంకి కంటబడితే వదలదు.

1994లో కుందేలు పేగు నుంచి పెప్ట్-1 జన్యువుని పట్టారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి నేనూ దీని మీదే రాసి, కార్బన్ కాపీ దాచుకుని, రైల్లో ఆర్ఎంఎస్ పెట్టెలో వేసొచ్చా. హార్ట్‌నప్ అనే పుట్టుకతో వచ్చే జబ్బున్నోళ్ళకి ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం విడిగా ఇస్తే ఒంటబట్టదు, దాన్నే ఇంకోదానితో జతకట్టి ఇస్తే లోపలికి పోతుంది, అంటే జతలకి వేరే దారి ఉన్నట్టే గదా అని ఒక పేరా రాశా. నా వ్యాసానికి ప్రాణం ఆ పేరా. సంపాదకుడుగారు దాన్ని కోసేసి, 'ప్రోటాన్' ఉన్నచోటల్లా 'శక్తి' అని దిద్ది, పైన 'మీ పొట్టలో వింత!' అని శీర్షిక తగిలించాడు. ఆయన పోయి పదేళ్ళయింది, నాకింకా కోపం పోలేదు.

మూడో పేజీలో మీ నాయన మాట ఒకటుంది. కాలి పుండుకి సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ మింగుతూ, 'పొట్టలోకి పోయింది కాలికెట్టా తెలుస్తాది?' అన్నాడని. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయా. దాన్ని అక్కడే వదిలేసి మళ్ళీ సైనికుల దగ్గరికి పరిగెత్తావు! జవాబు నీ చేతిలోనే ఉంది. ఆ మందు ఆకారం చిన్న పెప్టైడుని పోలి ఉంటుంది, పెప్ట్-1 దాన్ని తన సరుకే అనుకుని మోసుకొస్తుంది, అక్కణ్ణించి రక్తం. ఇంకా పైన, మూత్రంలోకి జారబోయిన దాంట్లో కొంత ఆ ముసలమ్మ ఏరుకుంటుంది. నాయన ప్రశ్నతోనే మొదలుపెట్టు.

కలం పేరు గురించి, ఏ పత్రికకి పంపాలన్న దాని గురించి అడిగావు. అవి తర్వాత. తిరగరాసి పంపేటప్పుడు కాగితానికి ఒకవైపే రాయి, నాకు చూపు ఆనడంలేదు. నాయన కాలు మానిందో లేదో కూడా రాయి.