100 వాట్ల బల్బుకు మీటర్‌లో 38 ఓమ్‌లే ఎందుకు?

మీ మీటర్ పాడవలేదండీ, లెక్కా తప్పలేదు. బల్బును విడిగా తీసి రెసిస్టెన్స్ (కరెంటుకు తీగ అడ్డుపడే మోత) కొలిస్తే 38 ఓమ్‌లు వచ్చాయి, 230 వోల్టుల వర్గాన్ని దాంతో భాగిస్తే 1,392 వాట్లు తేలుతోంది, బల్బు మీదేమో 100 అని ఉంది అన్నారు. మీరు కొలిచింది చల్లారిన ఫిలమెంటును, అంటే బల్బులో వెలిగే టంగ్‌స్టన్ తీగను.

వెలుగుతున్నప్పుడు మీరే చూసిన అంకెలు తీసుకోండి: 230 వోల్టులు, 0.43 ఆంపియర్లు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ దాదాపు 535 ఓమ్‌లు. రెండింటినీ గుణిస్తే పవర్ 98.9 వాట్లు. సరిపోయిందిగా! టంగ్‌స్టన్ తీగ సుమారు 2,500 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది, ఆ వేడికి రెసిస్టెన్స్ 14 రెట్లయింది. స్విచ్ వేసిన క్షణంలో మాత్రం అది చల్లటి తీగే కాబట్టి 6 ఆంపియర్లు లాగుతుంది. పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేయగానే టప్పున పోయేది అందుకే.

నీళ్లు కాచే రాడ్‌తో ఈ చిక్కు ఉండదు, దాంట్లోది నైక్రోమ్ (నికెల్, క్రోమియం కలిసిన లోహం) తీగ, వేడెక్కినా దాని రెసిస్టెన్స్ పెద్దగా మారదు. 1,500 వాట్ల రాడ్‌ను చల్లగా కొలిచినా 35 ఓమ్‌ల దగ్గరే చూపిస్తుంది. ఒకసారి చూడండి, కానీ దయచేసి ప్లగ్ పూర్తిగా పీకేశాకే. ఫ్యానుకైతే వోల్టేజిని కరెంటుతో గుణిస్తే చాలదు, పవర్ ఫ్యాక్టర్‌తో (వోల్టేజి, కరెంటు ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చెప్పే, 1కి మించని అంకె) కూడా గుణించాలి.