మైదానంలో మొదలైన కొండ

ప్రశ్న: మా మేనల్లుడికి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో సీటొచ్చిందండి. దాని పూర్తి పేరులో ‘జూనియర్’ అని కూడా ఉందట. ఎవరా జూనియర్? ఆ స్టాన్‌ఫర్డ్ గవర్నరుగా ఉంటూనే రైల్వే కంపెనీ నడిపాడని చదివాను. అదెలా కుదిరింది?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ మేనల్లుడికి నా అభినందనలు చెప్పండమ్మా. జూనియర్ అంటే ఆ గవర్నరుగారి ఒక్కగానొక్క కొడుకు. 1884లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో టైఫాయిడ్‌తో పోయాడు. అప్పటికి వాడికి పదిహేనేళ్లు. వాడి పేరు మీదే తల్లిదండ్రులు యూనివర్సిటీ కట్టించారు. 1891లో క్లాసులు మొదలయ్యాయి.

తండ్రి లీలాండ్ స్టాన్‌ఫర్డ్ మొదట విస్కాన్సిన్‌లో ప్లీడరు. 1852లో అగ్నిప్రమాదంలో లా పుస్తకాలన్నీ కాలిపోతే కాలిఫోర్నియా వెళ్లాడు. అక్కడ అందరూ బంగారం తవ్వుతున్నారు. ఇతను మాత్రం తవ్వేవాళ్లకి సరుకులమ్మే కొట్టు పెట్టాడు. నన్నడిగితే అతని బుర్రంతా అక్కడే తెలిసిపోతుంది.

1861లో సెంట్రల్ పసిఫిక్ రైల్‌రోడ్ కంపెనీకి ప్రెసిడెంట్ అయ్యాడు. కాలిఫోర్నియా నుంచి తూర్పుకి పట్టాలు వేసిన కంపెనీ అది. అదే ఏడాది గవర్నరుగానూ గెలిచాడు. 1862 జనవరిలో ప్రమాణ స్వీకారం నాటికి రాష్ట్ర రాజధాని శాక్రమెంటో ఊరంతా వరద, పడవెక్కి వెళ్లాల్సి వచ్చింది. మరుసటి జనవరిలో రైలుమార్గానికి తొలి పార మట్టి వేసిందీ ఆయనే. గవర్నరుగా వేశాడా, కంపెనీ ప్రెసిడెంటుగా వేశాడా అంటే ఏం చెబుతాం! కంపెనీకి సాయపడే చట్టాల మీద సంతకాలూ ఆయనవే. తన భాగస్వామి చార్లెస్ క్రాకర్ అన్నగారిని రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీగానూ వేశాడు.

నేను ముప్పయ్యేళ్లు ఆడిట్ చేసినవాణ్ణి. నా కన్ను ఇంకో చోట ఆగింది. వేసిన ప్రతి మైలు పట్టాకీ ఫెడరల్ ప్రభుత్వం బాండ్ల రూపంలో అప్పిచ్చేది. చదును నేల మీదైతే 16,000 డాలర్లు, కొండల్లో అయితే 48,000. అంటే కొండ ఎంత ముందు మొదలైతే అంత లాభం. చివరికి శాక్రమెంటోకి ఏడు మైళ్ల దూరంలోని ఆర్కేడ్ క్రీక్ అనే వాగు దగ్గరే సియెర్రా నెవాడా పర్వతాలు మొదలవుతాయని తేల్చారు. చూస్తే అదంతా మైదానమే! రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త సరేనన్నాడు, అధ్యక్షుడు లింకన్ ఒప్పుకున్నాడు. ఇలాంటి వోచర్ నా టేబుల్ మీదికొచ్చి ఉంటే రెండు రోజులు నిద్రపట్టేది కాదు.

చైనా కూలీల విషయంలో నాకు ఆయన మీద మరీ కోపం. గవర్నరుగా తొలి ప్రసంగంలోనే ఆసియావాళ్లు రాకూడదన్నాడు. 1865కల్లా వాళ్లు నెమ్మదస్తులు, ఓర్పుగలవాళ్లు, కష్టజీవులని అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌కి రాశాడు. మరి కొండల్లో సొరంగాలు తొలిచే పనికి వేలమంది కావాల్సొచ్చారుగా. 1867లో ఆ కూలీలే సమ్మె చేస్తే కంపెనీ తిండి సరఫరా ఆపేసింది. వారం గడిచేసరికి గత్యంతరం లేక పనిలోకి దిగారు.

తర్వాత సెనేటర్ కూడా అయ్యాడు, 1893లో పోయేదాకా. ఆయన్ని జనం ఎక్కువగా తలుచుకునేది మాత్రం 1869 మే 10కే. యూటా ప్రాంతంలోని ప్రొమాంటరీ దగ్గర పడమటి నుంచి ఈయన కంపెనీ, తూర్పు నుంచి యూనియన్ పసిఫిక్ అనే కంపెనీ వేసుకొచ్చిన పట్టాలు కలిసిన రోజది. చివరి మేకు కొట్టమని సుత్తి ఆయన చేతికిచ్చారు. దెబ్బ గురి తప్పిందంటారు. టెలిగ్రాఫ్ ఆపరేటర్ మాత్రం ‘అయిపోయింది’ అని దేశమంతటికీ కొట్టేశాడు.