టెక్ సందేహాలు: ఎండాకాలంలో బ్రెడ్ మెషిన్‌కు ఏమొచ్చింది?

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలకు ఈ వారం సెలవు. బ్రెడ్ మెషిన్ల మీద వచ్చిన ఉత్తరాలు పేరుకుపోయాయి, వాటి సంగతే చూద్దాం. వీధి చివర అయ్యంగార్ బేకరీ ఉండగా బెంగళూరులో ఇంట్లో బ్రెడ్ ఎందుకని మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. మీ ప్రశ్నలకైతే ఉంది.

*డిసెంబర్‌లో మెషిన్ కొన్నాం. మూడు నెలలు బ్రెడ్ బ్రహ్మాండంగా వచ్చింది. మార్చి నెలాఖరు నుంచి మాత్రం అదే కొలత, అదే ప్రోగ్రామ్ అయినా పైభాగం గుంట పడిపోతోంది. సెన్సార్ పోయిందా? సర్వీస్ సెంటర్‌కు పంపాలా? (మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు)*

పంపకండి. మెషిన్‌కు ఏమీ కాలేదు, మీ వంటిల్లు వేడెక్కింది.

ఆ డబ్బాలో ఉండేది ఒక మోటారు, ఒక బెల్టు, ఒక హీటర్ కాయిల్, ఒక సెన్సార్, వీటిని నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు. బేసిక్ ప్రోగ్రామ్ అంటే దాదాపు మూడు గంటల టైమ్‌టేబుల్. ఇన్ని నిమిషాలు కలపడం, ఇంతసేపు ఆగడం, మళ్లీ ఒకసారి తిప్పడం, పొంగనివ్వడం, చివర్లో సుమారు గంటసేపు కాల్చడం. పిండి పొంగిందా, పొంగి కూలిపోయిందా అన్నది దానికి పట్టదు. సెన్సార్ చూసేది కూడా లోపలి వేడినే. చల్లగా ఉంటే కాయిల్ వెలిగించి వెచ్చబరుస్తుంది. వేడెక్కువైతే చేయగలిగింది ఏమీ లేదు, అది ఫ్రిజ్ కాదు కదా.

డిసెంబర్‌లో రాత్రంతా ఉంచినా పులవని ఇడ్లీ పిండి ఏప్రిల్‌లో తెల్లారేసరికి గిన్నె దాటి పొర్లడం మీరు చూసే ఉంటారు. ఈస్ట్ సంగతీ అంతే. కలపడం పూర్తయ్యేసరికి బ్రెడ్ పిండి 26 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. గది 33 డిగ్రీలు ఉండి, మోటారు తిప్పుడుకు పుట్టే వేడి కూడా తోడైతే అది ఎప్పుడో దాటిపోతుంది. కాల్చే సమయం రాకముందే పిండి పొంగాల్సినదంతా పొంగి, పట్టు వదిలేసి కూర్చుంటుంది. పైగా బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి పిండి ఇంకాస్త తొందరగా లేస్తుంది. చెన్నైకి ఈ ఎత్తు బాధ లేదు. కానీ అక్కడి ఎండ సంగతి నేను చెప్పాలా?

మామూలు నీళ్ల బదులు ఫ్రిజ్ నీళ్లు పోయండి. ఈస్ట్‌ను పావు వంతు తగ్గించండి. ఉప్పు తగ్గించకండి, ఈస్ట్‌కు కళ్లెం వేసేది అదే. 300 గ్రాముల మైదాకు 190 మిల్లీలీటర్ల చల్లని నీళ్లు, 15 గ్రాముల చక్కెర, 15 గ్రాముల నూనె, 5 గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్. ఎండాకాలంలో నా కొలత ఇది. కప్పులతో కాకుండా తూకం మెషిన్ మీద కొలవండి. కప్పులో పిండిని ఎంత అదిమితే అంత ఎక్కువ పడుతుంది, రోజుకో బ్రెడ్ వస్తుంది.

ఇంకో మాట. కలపడం మొదలైన పది నిమిషాలకు మూత తీసి చూడండి, ఏమీ కాదు. పిండి ఉండ కట్టి, బొబ్బట్ల తోపు పిండి కన్నా కాస్త గట్టిగా ఉండాలి. గిన్నెకు అంటుకుంటుంటే చెంచాడు పిండి, పొడిపొడిగా ఉంటే చెంచాడు నీళ్లు వేయండి. ఈ ఒక్క చూపుతో సగం ఉత్తరాలు నాకు రాకుండా పోతాయి.

*మా బావ డాలస్ నుంచి బ్రెడ్ మెషిన్ తెచ్చాడు. ప్లగ్ అడాప్టర్ పెట్టి వాడుకోవచ్చా? (కె.ఆర్.పురం)*

వద్దు, వద్దు! అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే కానీ వోల్టేజిని కాదు. 120 వోల్టుల హీటర్‌కు మన 230 ఇస్తే మూడున్నర రెట్లకు పైగా పవర్ లాగుతుంది. బ్రెడ్ కన్నా ముందు బోర్డు మాడుతుంది. వోల్టేజిని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ మెషిన్ వాట్లకు ఒకటిన్నర రెట్లు మోయగలిగేది. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి ట్రావెల్ కన్వర్టర్ పనికిరాదు.

అప్పుడు కూడా ఒక చిక్కుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఏసీ కరెంటుతో తిరిగే మోటారైతే ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. గడియారం కూడా కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే నడిచే మోడల్ అయితే మూడు గంటల ప్రోగ్రామ్ మూడు గంటల 36 నిమిషాలు పడుతుంది. నన్నడిగితే ఇక్కడే ఒకటి కొనుక్కోండి. బావగారికి ఆ మాట మెల్లగా చెప్పండి.

*మధ్యలో కరెంటు పోతే మొదటికొస్తోంది. కంప్యూటర్ యూపీఎస్‌కు తగిలించవచ్చా? (వైట్‌ఫీల్డ్)*

ఈ దెబ్బ నేనూ తిన్నాను. మా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ అందుకోవడానికి పట్టేది పదిహేను సెకన్లే. అంతలోనే నా పాత మెషిన్ అంతా మరిచిపోయి, తిరిగి కలపడం కోసం ఎదురుచూస్తూ నిలబడేది. కొన్ని మోడళ్లు పది నిమిషాల దాకా ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుంటాయి. కొనేముందు మాన్యువల్‌లో ఈ ఒక్క లైను వెతకండి. పన్నెండు ప్రోగ్రాములా, పందొమ్మిదా అన్నదానికన్నా ఇది ముఖ్యం.

600 వీఏ కంప్యూటర్ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లు. కలిపేటప్పుడు మోటారుకు అది చాలు. కాయిల్ వెలగగానే 550 వాట్లు అడుగుతుంది, యూపీఎస్ కీచుమని ఆగిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ అయితే సైన్ వేవ్‌ది వాడండి. స్క్వేర్ వేవ్ మీద మోటారు గుర్రుమంటుంది. జనరేటర్ లైను మీద ఫ్లాట్‌కు అర కిలోవాటే ఇచ్చే చోట ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

మెషిన్ మరిచిపోయినా పిండిని పారేయనక్కర్లేదు. కలపడం అయిపోయి ఉంటే మూత మూసి అలాగే పొంగనిచ్చి, గిన్నె అంచుకు అంగుళం కింద ఉండగా 'బేక్' ఒక్కటే పెట్టండి. కాలుతుండగా పోతే మిగిలిన సమయానికి మళ్లీ బేక్. ప్రోబ్ థర్మామీటర్ ఉంటే మధ్యలో గుచ్చి చూడండి, 93 డిగ్రీలు దాటితే అయినట్టే.

*మైదా వద్దనుకుని మిల్లు పట్టించిన గోధుమపిండితో చేస్తే ఇటుక వస్తోంది.*

పిండికి సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ పోగులను తవుడు తెంపుతుంది. తిరగలి రాళ్ల మధ్య నలిగిన పిండి నీళ్లు కూడా ఎక్కువ తాగుతుంది. నీళ్లు 300 గ్రాములకు 220 దాకా పెంచి, 'హోల్ వీట్' ప్రోగ్రామ్ పెట్టి, చెంచాడు వైటల్ గ్లూటెన్ (గోధుమ నుంచి తీసిన గ్లూటెన్ పొడి) కలపండి. ఇటుక కాదు, కానీ బేకరీ మెత్తదనం కూడా రాదు. సగం మైదాతో రాజీపడితే నయం.

*ఫోన్ యాప్‌తో నడిచేది కొనాలా?*

పిండి, నీళ్లు వేయాల్సింది మీరే. యాప్ వేయదు. రాత్రి వేసి పొద్దున తినడానికి మామూలు మెషిన్లలోనూ డిలే టైమర్ ఉంటుంది. అది పెట్టినప్పుడు పాలు, గుడ్డు, పెరుగు వద్దు, గంటల తరబడి బయట ఉంటే పాడవుతాయి. పాలపొడి వేయండి. ఈస్ట్‌ను అన్నిటికన్నా పైన, పిండి మధ్య గుంట చేసి అందులో వేయండి, నీళ్లు తగలకూడదు. ఈస్ట్‌కు వేరే అర ఉన్న మోడళ్లలో మాత్రం మాన్యువల్ వరసే.

*వరసగా రెండో బ్రెడ్ పెడితే స్క్రీన్ మీద 'హెచ్ హెచ్ హెచ్' అని వచ్చి ఆగిపోతోంది.*

మొదటి బ్రెడ్ వేడి లోపల ఇంకా ఉందని అర్థం. మూత తెరిచి ఇరవై నిమిషాలు ఆగండి. గిన్నె కూడా చల్లారాలి.