అక్కతో చెప్పుకున్న మాట గ్రూప్‌లోకి వెళ్లింది

ప్రశ్న: వందనాలు మేడమ్. నాకు ఇరవై ఏళ్లు. మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. వైజాగ్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చేరినప్పటి నుంచీ కాలేజీ క్రిస్టియన్ ఫెలోషిప్‌కి వెళ్తున్నాను. ఈ ఊళ్లో నాకు అదే ఇల్లు. మా నాన్న లారీ డ్రైవర్, తాగుతారు. వేసవి సెలవుల్లో తాగి వచ్చి అమ్మను కొట్టారు. రెండు నెలలు మనసులో దాచుకుని చివరికి మా ప్రేయర్ సెల్ (చిన్న ప్రార్థన గుంపు) నడిపే అక్కతో చెప్పి ఏడ్చాను. చేయి పట్టుకుని ప్రార్థన చేసింది. మర్నాడు చూస్తే ఫెలోషిప్ వాట్సాప్ గ్రూప్‌లో నా పేరు పెట్టి, ‘ఈ సిస్టర్ తండ్రి తాగుడు మానాలని, ఇంట్లో కొట్లాటలు ఆగాలని ప్రార్థించండి’ అని ఉంది. ఆ గ్రూప్‌లో మా ప్రాంతం అబ్బాయి ఒకరున్నారు. ఆ మాట మా ఊరి చర్చి సంఘం దాకా వెళ్లింది. ‘ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు, నువ్వే చేశావు కదే’ అని అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. నాన్న నాతో మాట్లాడటం లేదు. మూడు వారాలుగా నేను ఫెలోషిప్‌కి వెళ్లడం లేదు. ‘చల్లారిపోయావు, సాతాను శోధిస్తున్నాడు’ అని సీనియర్లు మెసేజ్‌లు పెడుతున్నారు. కానీ శనివారం సాయంత్రం అయ్యేసరికి పాటలు గుర్తొచ్చి ఉండలేకపోతున్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తప్పు నాదేనా? ఫెలోషిప్ మానేయాలా? అమ్మకు ఏం చెప్పాలి?

జవాబు: తప్పు నీది కాదమ్మా. మిగతాదంతా నెమ్మదిగా చదువుకో, ముందు ఈ మాట పట్టుకో.

ఇంటి గుట్టు లంకకు చేటు అనే సామెత మన ఇళ్లలో ఎవరి మీద పడుతుందో గమనించావా? దెబ్బలు తిన్నవాళ్ల మీద, ఆ దెబ్బలు చూసినవాళ్ల మీద. కొట్టిన మనిషికి ఎవరూ ఆ సామెత చెప్పరు. అసలు లంకకు చేటు విభీషణుడు నోరు విప్పిన రోజున మొదలవలేదు. సీతను తెచ్చి అశోకవనంలో కూర్చోబెట్టిన రోజే మొదలైంది. ఆ తమ్ముడు ముందు అన్నకే చెప్పాడు, వినకపోతేనే బయటికొచ్చాడు. నువ్వు చేసింది దానికంటే చాలా చిన్న పని. రెండు నెలలు మోసి, ఇక మోయలేక, నమ్మిన మనిషి దగ్గర బరువు దించుకున్నావు. అదీ చేయకుండా లోలోపల కుమిలిపోయి ఉంటే నాకు భయం వేసేది. నువ్వు ఒక్కరికి చెప్పావు, అక్క అందరికీ చెప్పింది. ఆమె చేసిన పని బరువు కూడా నీ నెత్తినే వేసుకోకు.

ఇప్పుడు అక్క సంగతి చెప్పాలి. దానికి ముందు నా సంగతి చెప్పాలి.

నేనూ వాల్తేరులో హాస్టల్‌లో ఉండి చదువుకున్నదాన్నే. 1980ల నాటి మాట. మాకు శుక్రవారం రాత్రి ప్రార్థన ఉండేది. నా రూమ్మేట్‌కి టీబీ అని తేలింది. నాకొక్కదానికే చెప్పింది. మందులు వాడి నయమైనా ఆ పేరు పోదని, పెళ్లి సంబంధాలు రావని ఆడపిల్లలు వణికిపోయే రోజులవి. ఆ శుక్రవారం నేను ఆమె పేరెత్తి, జబ్బు పేరెత్తి, కన్నీళ్లతో ప్రార్థన చేశాను. పదిహేను మంది ఆమేన్ అన్నారు. ఆ కన్నీళ్లు నిజమైనవే. సోమవారానికి మెస్‌లో ఆమె గ్లాసు వేరుగా పెట్టారు. నెల తిరగకుండానే హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయింది. తర్వాత రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. నా ఎదుట కూర్చుని ఎవరైనా ‘ఇది ఎవరికీ చెప్పొద్దు మేడమ్’ అన్నప్పుడల్లా నాకు ఆ గ్లాసే గుర్తొస్తుంది.

అందుకే మీ అక్క చెడ్డదని నేను అనలేను. నీ కోసం ఆమె చేసిన ప్రార్థన నిజమే అయి ఉంటుంది. కానీ మంచి మనసుతో చేసినా దెబ్బ దెబ్బే, ఆ సంగతి ఆమెకు తెలియాలి. తెలియకపోతే నాలా నలభై ఏళ్లు మోయాల్సి వస్తుంది.

మన కాలేజీ సహవాసాలు చాలావరకు విద్యార్థులే నడుపుకునేవి. మన దేశంలో 1954లో మొదలైన క్రైస్తవ విద్యార్థుల సంస్థ యూఈఎస్ఐ కూడా విద్యార్థులే నడుపుకోవాలనే పద్ధతి పట్టుకుంది. బైబిల్ వాక్యం పంచుకునేది, పాటలు నడిపించేది, కొత్తగా చేరినవాళ్లని హాస్టల్‌కి వెళ్లి పలకరించేది అంతా పిల్లలే. నాకు ఆ పద్ధతి అంటే చాలా ఇష్టం. పేరు అడిగితే తలదించుకునే పల్లెటూరి పిల్ల రెండేళ్లు తిరిగేసరికి వందమంది ముందు నిలబడి తన విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పడం నా కళ్లతో చూశాను. కానీ మూడేళ్లకల్లా మనుషులంతా మారిపోతారు. నిరుడు మూల కూర్చుని ఏడ్చిన పిల్లే ఈ ఏడాది సెల్ లీడర్. బైబిల్ స్టడీ ఎలా నడపాలో క్యాంపుల్లో నేర్పుతారు. ఒకరు ఏడుస్తూ చెప్పిన మాటను కడుపులో ఎలా దాచుకోవాలో నేర్పేవాళ్లు తక్కువ. దానికి తోడు, ఎంత ఎక్కువమందికి చెబితే ప్రార్థనకు అంత బలం అనే నమ్మకం. ‘ఒక కుటుంబంలో శాంతి కోసం’ అని రాసి ఉంటే సరిపోయేది. అది ఎవరి కుటుంబమో దేవుడికి తెలుసు.

కాబట్టి మానేయాలా వద్దా అనేది తర్వాత చూద్దాం, ముందు అక్కతో మాట్లాడు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన వరస నీకు తెలిసే ఉంటుంది. తప్పు చేసినవాళ్ల దగ్గరకు ముందు ఒంటరిగా వెళ్లాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, ఆ తర్వాతే సంఘానికి చెప్పాలి. మన దగ్గర ఈ మాటను పెద్దవాళ్లు చిన్నవాళ్లను మందలించడానికే ఎక్కువగా వాడుతుంటారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల దగ్గరకు వెళ్లడానికీ దారి అదే. లీడర్ అక్కను నిలదీయడం అవిధేయత అవుతుందేమోనని భయపడకు.

హాస్టల్ రూంలో వద్దు, పక్క మంచం మీద ఎవరో ఒకరు ఉంటారు. మీటింగ్ అయిపోయాక ఆ హడావుడిలో అసలే వద్దు. పొద్దున్నే, బండ్లను రానివ్వని వేళకి బీచ్ రోడ్డుకి రమ్మను. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నుంచి నడుస్తూ మాట్లాడుకోండి. పక్కపక్కన నడుస్తుంటే కష్టమైన మాట కొంచెం తేలిగ్గా వస్తుంది, ఏడుపొస్తే సముద్రం వైపు తిరగొచ్చు. చెప్పాల్సింది కూడా ఎక్కువేం లేదు. ‘అక్కా, నా కోసం ప్రార్థించావు, అది మర్చిపోను. కానీ నేను చెప్పింది నీకు. నన్ను అడగకుండా గ్రూప్‌లో పెట్టావు. మా అమ్మ ఊళ్లో తలెత్తుకోలేకపోతోంది. నాకు చాలా బాధగా ఉంది.’ ఇంతే. చెప్పాక వెంటనే ‘పర్లేదులే అక్కా’ అనేయకు. ఎదుటివాళ్ల మొహం చిన్నబోతే మన ఆడపిల్లల నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది. నాలుగడుగులు మౌనంగా నడువు. ఆమె ఏం చెబుతుందో చెప్పనివ్వు.

ఆమె నొచ్చుకుని క్షమించమంటే క్షమించు. అలాగని ఇంటి సంగతులు మళ్లీ ఆమెకే చెప్పుకోవాలని లేదు, దానికి ఎంత టైమ్ పడితే అంత పట్టనీ. ‘నేనేం చేశాను, ప్రార్థన చేయమన్నానంతే కదా’ అంటే వాదించొద్దు. చదువు ముగించి ఉద్యోగాలు చేసుకుంటూ ఫెలోషిప్‌కి వెన్నుదన్నుగా ఉండే గ్రాడ్యుయేట్ కుటుంబాలు సాధారణంగా ఉంటాయి. అలాంటి ఒక ఆంటీ దగ్గరకు, నువ్వు నమ్మే స్నేహితురాలిని తోడు తీసుకుని వెళ్లు. అక్కను శిక్షించమని అడగొద్దు. ఇకపై ఎవరి ప్రార్థన మనవైనా సరే, వాళ్లను అడగకుండా పేరుతో గ్రూప్‌లో పెట్టకూడదని కమిటీ చేత చెప్పించమని అడుగు. మొన్ననే చేరిన మొదటి సంవత్సరం పిల్లల్లో ఎవరి కడుపులో ఏముందో మనకు తెలియదు కదా.

ఆ అబ్బాయి జోలికి వెళ్లొద్దు. ఊరికి మోసింది అతనో, అతని ఇంట్లోవాళ్లో, ఇంకెవరో నీకు ఖాయంగా తెలియదు.

సీనియర్లకు ఒకే ఒక్క మెసేజ్ పెట్టు: ‘ప్రార్థన మానలేదు అన్నా, కొంచెం టైమ్ కావాలి.’ అంతకుమించి సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. నొచ్చుకున్న మనిషిని చల్లారిపోయావనడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. మూడు వారాలు ఒక చెల్లెలు కనబడకపోతే ముందు అడగాల్సింది ‘అన్నం తింటున్నావా’ అని.

ఇక శనివారం పాటలంటావా, వెళ్లు తల్లీ. అక్కతో మాట్లాడాక వెళ్లు. పాడటానికి వెళ్లు. మనవులు చెప్పే వంతు వచ్చినప్పుడు పరీక్షల గురించి చెప్పు, లేదా ఏమీ చెప్పకు. అది కపటం కాదు. యేసు కూడా సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో తన వేదన చెప్పుకోవడానికి శిష్యులందరినీ పిలవలేదు. ముగ్గురినే కొంచెం ముందుకు తీసుకెళ్లాడు. నీకు ముగ్గురు అక్కర్లేదు, ఒకరు దొరికినా చాలు.

నీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది మాత్రం అమ్మ దగ్గర. ఆమెది కోపమని నువ్వు అనుకుంటున్నావు. నాకైతే సిగ్గు కనబడుతోంది. మన పల్లెల్లో చాలామంది తల్లులకు పొలంలో గౌరవం ఉండదు, చుట్టాల ఇళ్లలో ఉండదు, ఇంట్లో అసలే ఉండదు. ఆదివారం ఉతికిన చీర కట్టుకుని, చేతిలో బైబిల్ పట్టుకుని వెళ్లే ఆ మందిరంలో, స్త్రీల సమాజంలో మాత్రం ఆమె ఒక మనిషి. ఆమె పాట ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. ఇప్పుడు ఆ ఒక్క చోట కూడా జాలి చూపులు ఎదురైతే ఆమె ఎక్కడికి వెళ్తుంది? ఆ బాధ నీ మీద తప్ప ఇంకెవరి మీద చూపించగలదు?

ఈ మాటలు ఫోన్‌లో తెగవు. వచ్చే రెండో శనివారం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి ఇంటికి వెళ్లు. నాన్న ట్రిప్పు మీద ఉన్న రోజైతే మరీ మంచిది. అమ్మ పనిలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని, కూర తరుగుతూనో బియ్యం ఏరుతూనో చెప్పు. ‘అమ్మా, నీ పరువు తీయాలని చెప్పలేదు. ఆ రోజు నిన్ను కొట్టడం కళ్లముందే తిరుగుతోంది. ఎవరితోనూ చెప్పుకోకపోతే నేనేమైపోతానో అనిపించింది.’ నీకు నిద్ర పట్టడం లేదని ఆమెకు తెలిసి ఉండదు. వైజాగ్ వెళ్లి చదువులో పడి నా కూతురు అన్నీ మర్చిపోయిందనుకునే తల్లులే ఎక్కువ. తిడితే తిట్టనివ్వు. ‘ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి’ అంటే మాత్రం వేయకు. ‘నీకు ప్రమాదం లేనంతవరకు, నిన్ను అడగకుండా చెప్పను’ అను. ఆ మాట మీద నిలబడు.

ఇంకొక సంగతి. దాచాల్సింది ఏదీ మిగల్లేదు కాబట్టి ఇప్పుడు సాయం అడగడం కొంచెం సులువు. రోజూ బాగా తాగే మనిషిని ‘ఈ రోజు నుంచి చుక్క ముట్టనని ప్రమాణం చెయ్యి’ అని ఒక్కసారిగా మాన్పించకూడదు. మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, మతి తప్పినట్టు మాట్లాడటం, ఫిట్స్ రావడం జరగొచ్చు, ప్రాణం మీదికి కూడా రావొచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో మాన్పించాలి. మీ పాస్టర్ గారికి కూడా ఈ సంగతి తెలిస్తే మంచిది. తాగుడు మాన్పించడానికి సలహా కోసం 14446కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. వైజాగ్‌కి తీసుకురాగలిగితే వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చూపించండి. నాన్న ఒప్పుకుంటారా అంటే, వెంటనే ఒప్పుకోరు. నీతో మాట్లాడకపోయినా రోజుకొకసారి ‘నాన్నా, తిన్నారా’ అని మెసేజ్ పెడుతూ ఉండు. జవాబు కోసం చూడకు.

మళ్లీ చేయి చేసుకుంటే అమ్మ ఫోన్ చేయాల్సిన మహిళా హెల్ప్‌లైన్ నంబర్ 181. అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. ఈ రెండూ అమ్మ ఫోన్‌లో నువ్వే సేవ్ చేసి రా. 2005 నాటి గృహహింస చట్టం కింద, కాపురం వదులుకోకుండానే, భర్త ఆమెను కొట్టకూడదని కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఇప్పుడు ఆమె అక్కడిదాకా వెళ్లకపోవచ్చు. అలాంటి దారి ఒకటుందని తెలిసి ఉండటం వేరు.

నీ నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకు. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416కి ఫోన్ చెయ్యి. పగలూ రాత్రీ ఎప్పుడైనా, తెలుగులోనే మాట్లాడతారు. నువ్వు చెప్పింది ఏ గ్రూప్‌లోకీ వెళ్లదు.

నీ ఉత్తరంలో నిన్ను గుర్తుపట్టే వివరాలన్నీ మార్చే ఇక్కడ పెట్టాను. ఇంటికి వెళ్లొచ్చాక అమ్మ ఏమన్నదో నాకు రాయి. ఈసారి పేరూ ఊరూ రాయొద్దు. ‘బీచ్ రోడ్డు అమ్మాయిని’ అంటే చాలు, గుర్తుపడతాను.