200 గంటలకు లైసెన్సు వస్తుంది, మరి ఉద్యోగం?

నర్సంపేట దగ్గరి ఊరి నుంచి ఒక మిర్చి రైతు రాశారు: "మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసైండు. పైలట్ అయితనంటున్నడు. 200 గంటలు నడిపితే విమాన కంపెనీల కొలువు ఖాయమని ఒకాయన చెప్పిండు. ఖర్చు 55 లక్షలట. నా దగ్గర 15 లక్షలున్నయి. మిగతా 40 లక్షలకు రెండెకరాలు అమ్మాల్నా, లోను తీసుకోవాల్నా?"

అన్నా, భూమి మాట కాసేపు పక్కన పెట్టండి. ఆ 200 గంటల సంగతి ముందు తేల్చుకోవాలి.

డీజీసీఏ, అంటే దేశంలో విమానయానాన్ని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ, కమర్షియల్ పైలట్ లైసెన్సు ఇవ్వడానికి అడిగేది 200 గంటలు. అందులో 100 గంటలు అబ్బాయే పైలట్‌గా బాధ్యత తీసుకుని నడపాలి. లైసెన్సు వచ్చినా ఎయిర్‌బస్ 320 లాంటి పెద్ద విమానం నడపాలంటే టైప్ రేటింగ్ అని వేరే శిక్షణ తీసుకోవాలి. దానికి పది లక్షల పైనే అవుతుంది. మీకు చెప్పిన 55 లక్షల్లో అది ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు ఉండదు.

అమెరికాలో 2009లో బఫెలో దగ్గర విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ తర్వాత 2013 నుంచి అక్కడ కో-పైలట్‌కు కూడా మామూలుగా 1500 గంటలు ఉండాలన్నారు. మన దేశంలో 1500 గంటలు అడిగేది కెప్టెన్‌కు కావాల్సిన లైసెన్సుకే. కో-పైలట్‌గా చేరడానికి చట్టం 200తోనే ఒప్పుకుంటుంది. అందుకే 200 గంటలు పూర్తి చేసిన పిల్లలంతా కొలువు కోసం ఒకే గుమ్మం ముందు నిలబడుతున్నారు.

హన్మకొండలో నా దగ్గరికి ఒక తండ్రీకొడుకులు వచ్చారు. అబ్బాయి లాగ్‌బుక్ తెరిచి చూపించాడు. ఒక్కో ప్రయాణం ఒక్కో వరుసలో నీలం సిరాతో పొందికగా రాసుకున్నాడు. మొత్తం 207 గంటలు. చివరి వరుస మీద తేదీ చూస్తే పద్నాలుగు నెలల కిందటిది. తండ్రి మాట్లాడకుండా బ్యాంకు పాస్‌బుక్ నా ముందుకు జరిపాడు. ఆ పద్నాలుగు నెలలూ వడ్డీ మాత్రం ఆగలేదు.

మీ లెక్క కూడా చూద్దాం. 40 లక్షలు 11 శాతం వడ్డీకి, పదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 55,100 కట్టాలి. మొత్తం ఒకేసారి తీసుకుంటే, కొలువు దొరకని ప్రతి నెలా వడ్డీయే 36,667. వానలు, పొగమంచుతో శిక్షణ సాగితే మొత్తం వడ్డీ భారం ఇంకా పెరుగుతుంది. కాబట్టి లోను విడతలుగా విడుదల చేయమనండి. శిక్షణ సంస్థకు కూడా ఎగిరిన గంటలకు తగ్గట్టే కట్టండి, మొత్తం ముందే చేతిలో పెట్టొద్దు.

ఇప్పుడు చేయాల్సింది చవకైన పని. డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర పైలట్లకు చేసే వైద్య పరీక్షల్లో ముందు క్లాస్ 2 మెడికల్, తర్వాత క్లాస్ 1 చేయించండి. కళ్లద్దాలున్నంత మాత్రాన భయం లేదు, రంగులు గుర్తించడంలో తేడా ఉంటేనే చిక్కు. ఆ తర్వాత ఇంటి దగ్గరే చదువుకుని లైసెన్సుకు కావాల్సిన నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్ల పేపర్లు రాయమనండి. ఒక్కో దాంట్లో 70 శాతం రావాలి. విమానం ఎక్కకముందే ఇవి గట్టెక్కితే పిల్లాడి పట్టుదల మీకే తెలుస్తుంది. ఈ రెండింటికీ మీ 15 లక్షల్లో కొంచెమే పోతుంది.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025లో అనుమతి వచ్చిందని అందరికీ సంతోషమే. దాన్ని చూసి మాత్రం అప్పు చేయకండి. పైలట్‌ను తీసుకునేది విమాన కంపెనీ, విమానాశ్రయం కాదు.

పెద్ద లోనుకు బ్యాంకు తనఖా అడుగుతుంది. చాలా బ్యాంకులు వ్యవసాయ భూమి ఒప్పుకోవు, ఇల్లో ఇంటి స్థలమో చూపాలి. అవి లేవని రెండెకరాలు అమ్మేస్తే ఏటా మిర్చి మీద వచ్చే రాబడీ పోతుంది, కొలువు ఆలస్యమైన రోజుల్లో ఇల్లు గడవడానికి అదే కదా మీకు ఆధారం. నేనైతే అమ్మొద్దనే అంటాను. క్లాస్ 1 రిపోర్టు చేతికొచ్చాక, ఇంటి కాగితాలతో బ్యాంకుకు వెళ్లే ముందు నాకు మళ్లీ రాయండి.