చెవులు పోయినాక గొంతును నిలుపుకునేది ఎట్లా?

తమ్ముడూ, ప్రొద్దుటూరులో ఉన్న మీ నాయనకు అరవై దగ్గర పడేసరికి రెండు చెవులూ దాదాపు పోయినాయని, ఇంట్లో అరిచినట్టు మాట్లాడతాడని, బయటికి పోతే నోరే తెరవడని రాసినారు. ఇట్లాగే ఉంటే కొన్నాళ్లకు మాట కూడా పోతుందా అని అడిగినారు. మాట పోదు. ఇన్నేండ్లు మాట్లాడిన తెలుగు యాడికీ పోదు. పోయేది గొంతు మీద పట్టు. ఆయన మూగగా కూర్చునే కొద్దీ అది తొందరగా పోతుంది. అందుకని చెవి మిషను సంగతి తర్వాత, ముందు ఆయన మాట్లాడడం మానకుండా చూసుకోండి.

నేను కడప జిల్లాలో ఆర్టీసీ కండక్టరుగా చేసినాను. నలభై దాటినాక టీబీ తిరగబెట్టింది. అప్పట్లో రెండోసారి వస్తే మాత్రలతో పాటు స్ట్రెప్టోమైసిన్ సూదులు వేసేవాళ్లు. ప్రాణం నిలిచింది, చెవి లోపల దెబ్బతినింది. ఆ మందుకు ఆ గుణం ఉందనేది డాక్టర్లకు కొత్త కాదు, కనామైసిన్, అమికాసిన్ కూడా అదే జాతి. మొదట చీకట్లో నడిస్తే తూలేవాణ్ణి. తర్వాత చెవుల్లో హోరు. ఆ తర్వాత ఎదుటివాళ్ల మాటలు వినపడకుండా పోయినాయి.

అన్ని శబ్దాలూ ఒక్కసారి పోవు. సన్న శబ్దాలు ముందు పోతాయి. స, శ, చ, త, క లాంటివన్నమాట. అచ్చులు చాలాకాలం మిగులుతాయి. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలీదు. అప్పుడు ఇంట్లోవాళ్లు చేసేది చెవి దగ్గరికొచ్చి అరవడం. అరిస్తే ఆ మిగిలిన అచ్చులే ఇంకా పెద్దవవుతాయి, అసలు కావలసిన హల్లులు రావు. పైగా నరం దెబ్బతిన్న చెవికి మామూలు మాట అందదు గానీ అరుపు మాత్రం భరించలేనంతగా తగులుతుంది. ముఖం కూడా కోపంగా మారిపోతుంది చూడండి, అదింకో బాధ. చెవి దగ్గర కాదు, ఎదురుగా కూర్చోండి, వెలుతురు మీ ముఖం మీద పడేట్టు. నోట్లో వక్కాకు పెట్టుకొని మాట్లాడే చుట్టాలకు ఈ మాట గట్టిగా చెప్పండి.

పెదాలు చూసి అర్థం చేసుకోవడం గురించి జనానికి లేనిపోని నమ్మకాలు ఉన్నాయి. బస్సులో నా కష్టం వినండి. బద్వేలు, మైదుకూరు, పోరుమామిళ్ల. మూడూ పెదాలు మూసుకునే మొదలవుతాయి! ప, బ, మ పెదాల మీద ఒకటే. గొంతు రాకుండా అద్దం ముందు పాప, బాబా, మామ అని చూసుకోండి, మీకే తెలుస్తుంది. క, గ నోటి లోపల ఎక్కడో పుడతాయి, బయటికి కనపడవు. మరి నేను టికెట్టు ఎట్లా కొట్టేవాణ్ణంటే, మనిషి ఎంత డబ్బు పట్టుకున్నాడో చూసేవాణ్ణి. ఏ స్టాపులో ఎక్కినాడు, సంచిలో ఏముంది, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ కలిపితే ఊరు తేలేది. పెదాలు సగం, సందర్భం సగం. కాబట్టి మీ నాయనతో మాట్లాడేటప్పుడు ముందు విషయం చెప్పండి. "చెల్లెలి పెండ్లి గురించి" అని, ఆయన తలూపినాక మిగతాది. అర్థం కాకపోతే అదే మాట మూడుసార్లు అనొద్దు, మాట మార్చి చెప్పండి. "ఏం లేదులే, తర్వాత చెప్తా" అని మాత్రం ఎప్పుడూ అనొద్దు. ఆ ఒక్క మాటకే మా లాంటోళ్లు నోరు మూసుకుంటారు.

ఇక ఆయన అరిచేది ఎందుకంటే, మనిషి తన గొంతు తాను వింటూ, సరిచేసుకుంటూ మాట్లాడతాడు. చుట్టూ రొద ఉంటే తెలీకుండానే గొంతు పెంచుతాడని 1911లో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి చెవి డాక్టరు చూపించినాడు. ఇంజను పక్కన నిలబడి మాట్లాడిన మాకు ఆ డాక్టరు చెప్పనక్కర్లేదనుకోండి. చెవి పోయినోడికి సొంత గొంతు అందదు కాబట్టి పెంచుతూనే ఉంటాడు. ఇందులో ఒక తేడా ఉంది. నరం దెబ్బతింటే మనిషి గట్టిగా మాట్లాడతాడు. చెవి మధ్యభాగంలో లోపం ఉంటే తన గొంతు ఎముక గుండా తనకే పెద్దగా వినిపిస్తుంది, అందుకని మెల్లగా మాట్లాడతాడు. రెండో రకంలో ఆపరేషనుతో బాగయ్యేవి కొన్ని ఉన్నాయి. ఇది ఊహకు పనికొస్తుంది గానీ పరీక్షకు బదులు కాదు, ఈఎన్టీకి చూపించి ఆడియోగ్రామ్, అంటే వినికిడి ఎంత పోయిందో కొలిచే పరీక్ష, తీయించాల్సిందే. ఇంకోటి, ఎవరికైనా సరే ఉన్నట్టుండి ఒక చెవి మూతపడితే జలుబులే అని కూర్చోకుండా రెండు మూడు రోజుల్లోపే డాక్టరు దగ్గరికి పోవాలి. అప్పుడు స్టెరాయిడ్లు పనిచేసే అవకాశం ఎక్కువ.

గొంతు సరిచేసుకునేదానికి నాకు మా ఇంటామె ఉంది. ఆమె ముక్కుపుడక తాకితే తగ్గించాలి, గడ్డం కొంచెం ఎత్తితే పెంచాలి. ఎవరికీ తెలీదు. నలుగురిలో "మెల్లగా మాట్లాడు" అని చెయ్యి ఊపితే ఆ పూటకు మాట బందు. తగ్గించినాక ఆ గొంతు ఎట్లుందో ఒంటితో గుర్తుపెట్టుకోవాలి. ఎదురొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుంటే అదురు తెలుస్తుంది. గొంతు మరీ సన్నగా పైకి పోతే ఆ అదురు తగ్గుతుంది.

పొద్దున పేపరు ఆమెకు పైకి చదువుతాను. ఆమె వంకాయలు కోసుకుంటూ వింటుంది, తప్పు పోయిన చోట కత్తిపీట మీద చెయ్యి ఆపుతుంది. ఎక్కువగా పోయేవి స, శ. తర్వాత మాట చివర్లు. మన తెలుగులో మర్యాదంతా చివర్లోనే ఉంది కదా, "వచ్చినాడు", "వచ్చినారు" తేడా ఆ చివరి అక్షరమే. అది మింగేస్తే పెద్దమనిషి ముఖం మాడ్చుకుంటాడు. ప్రశ్న మాత్రం బతికిపోతుంది, "తిన్నావా" అని చివర దీర్ఘం తీస్తే చాలు. కానీ "సరేలే" అనే మాటను ఆప్యాయంగా అనాలన్నా విసుగ్గా అనాలన్నా రాగం కావాలి. రాగం పోయినాక అందరికీ నేను విసుక్కున్నట్టే వినిపిస్తుందంట. మీ నాయన కోపిష్టి అయిపోయినాడని ఇంట్లో అనుకుంటుంటే, అది కోపమో రాగం లేని గొంతో ఒకసారి చూసుకోండి. స్పీచ్ థెరపిస్టు దొరికితే మంచిదే, వాళ్లు పిల్లలకే కాదు.

మిషను పెట్టగానే అంతా బాగైపోతుందని చెప్పి కొనిపించొద్దు. మాటతో పాటు గిన్నెల చప్పుడూ పెరుగుతుంది, అలవాటు కావాలంటే వారాలు పడుతుంది. మిషనుతో లాభం లేదని తేలితే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషను చేసి చెవి లోపల అమర్చే పరికరం, గురించి అడగండి. లక్షల్లో ఖర్చు. కానీ మాటలు బాగా వచ్చినాక చెవులు పోయినవాళ్లకు అది చాలావరకు బాగా పనిచేస్తుంది. చేతిభాష నేర్చుకోమని కొందరు చెప్తారు. మంచి భాషే, ఇంట్లో ఇంకొకరికి రాకపోతే ఎవరితో మాట్లాడేది?

కాగితాల సంగతి: 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లో 70 డెసిబెల్స్ నష్టం ఉంటే బధిరులు, 60 నుంచి 70 వరకు వినికిడి లోపం. సచివాలయంలో అడిగి సదరం (వైకల్య సర్టిఫికెట్టు) పరీక్షకు స్లాటు పెట్టించండి. ఆయన సర్కారు కొలువులో ఉంటే, మధ్యలో వైకల్యం వచ్చిందని తీసేయకూడదని అదే చట్టం 20వ సెక్షనులో ఉంది. అదే జీతంతో వేరే పని ఇవ్వాలి.

ఫోనులో గూగుల్ లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అనే యాప్ వేయండి. 2019లో వచ్చింది, ఎదుటివాళ్ల మాటను తెలుగులో రాసి చూపిస్తుంది. మన యాస దానికి పూర్తిగా పట్టుబడలేదు. మా చిన్నాయన "సంగటి తిన్యావా" అంటే "సంగతి విన్నావా" అని రాసింది. నేను "ఏం సంగతి చిన్నాయనా?" అని అడిగితే ఆయన ముద్ద ఎత్తి చూపించినాడు. బ్యాంకులో, ఆసుపత్రిలో మాత్రం చాలా అక్కరకొస్తుంది.

మీరు బెంగళూరులో ఉంటారు, నాయన ఫోను ఎత్తడని చివర్లో రాసినారు. ఎత్తి ఏం చేస్తాడు? వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టడం నేర్పించండి. ఆయన మాట్లాడి పంపాలి, మీరు రాసి పంపాలి. జవాబు "ఓకే" అని తేల్చేయకుండా, ఆయన ఇంకో ప్రశ్న అడిగేట్టు ఏదో ఒకటి రాయండి. గొంతు మరీ పెద్దగా ఉన్న రోజు అది కూడా రాయండి, ఏమనుకోడు.