అమ్మకు థైరాయిడ్... నాకూ తప్పదా?

ప్రశ్న: మా అమ్మ పదిహేనేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. పెద్దమ్మకేమో గ్రేవ్స్ వ్యాధి, కళ్లు కాస్త ముందుకొచ్చాయి. నాకు 26 ఏళ్లు. పిల్లల కోసం అనుకుంటున్నాం. ఏ ఇబ్బందీ లేకపోయినా పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 3.1, యాంటీ టీపీఓ 240 వచ్చాయి. మందు మొదలుపెట్టాలా? అయోడిన్ ఉప్పు మానేయమంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మకు థైరాయిడ్ హార్మోన్ తక్కువ, పెద్దమ్మకు ఎక్కువ... చూడ్డానికి ఎదురెదురు జబ్బులే గానీ, చాలావరకు రెండింటి మూలం ఒకటే. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థ సొంత థైరాయిడ్ గ్రంథి మీదే తిరగబడుతుంది. హార్మోన్ తగ్గిపోయే హషిమోటో వ్యాధిలో గ్రంథి మెల్లమెల్లగా దెబ్బతింటుంది, హార్మోన్ పెరిగిపోయే గ్రేవ్స్‌లో యాంటీబాడీలు (ఆ వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్లు) దాన్ని అదేపనిగా ఉసిగొల్పుతాయి. ఒకే ఇంట్లో రెండూ కనిపించడం మామూలే. బొల్లి, టైప్-1 మధుమేహం కూడా ఇలాంటి కుటుంబాల్లో ఎక్కువే.

అయితే వంశంలో దిగేది ఆ తత్వం మాత్రమే. డెన్మార్క్‌లో కవలల మీద చేసిన అధ్యయనంలో, ఒకే అండం నుంచి పుట్టినవారిలో ఒకరికి గ్రేవ్స్ ఉంటే రెండోవారికీ వచ్చింది దాదాపు మూడో వంతు మందికే. జన్యువులన్నీ ఒకటైనా అంతే!

మీ యాంటీ టీపీఓ, అంటే థైరాయిడ్ మీదకు తయారైన యాంటీబాడీల లెక్క, 240 ఉండటం ఆ తత్వానికి గుర్తు. గ్రంథి మాత్రం ప్రస్తుతం నెట్టుకొస్తోందని, అది మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ చెబుతోంది. ఇంగ్లండ్‌లోని విఖమ్‌లో 20 ఏళ్లు గమనిస్తే, మీలా యాంటీబాడీలు మాత్రమే ఉన్న మహిళల్లో ఏడాదికి వందకు ఇద్దరు చొప్పున హైపోథైరాయిడ్‌లోకి, అంటే హార్మోన్ తగ్గిపోయే స్థితిలోకి వెళ్లారు. కాబట్టి ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూపించుకోండి. యాంటీ టీపీఓ మళ్లీ మళ్లీ చేయించకండి, ఆ అంకె పెరిగినా తగ్గినా వైద్యం మారదు, డబ్బు దండగ.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపేయండి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ టీ4 ఎక్కువగా వచ్చి, లేని గ్రేవ్స్ ఉన్నట్టు కనిపిస్తుంది. పెద్దమ్మ సంగతి తెలిసిన ఇంట్లో ఇక కంగారే కంగారు.

గర్భం రాకముందే మందు అక్కర్లేదు. బ్రిటన్‌లో 2019లో వెలువడిన ట్రయల్‌లో, ఇలాంటి యాంటీబాడీలు ఉండి గర్భస్రావమో సంతానలేమో ఎదుర్కొన్నవారికి ముందునుంచే రోజూ 50 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) ఇచ్చారు. బిడ్డలు పుట్టడంలో తేడా ఏమీ రాలేదు. గర్భం వచ్చాక మాత్రం లెక్క వేరు. నిర్ధారణైన వారంలోనే టీఎస్‌హెచ్ చేయించండి, తర్వాత గర్భం సగానికి వచ్చేవరకూ నాలుగు వారాలకోసారి. యాంటీబాడీలున్నవారికి టీఎస్‌హెచ్ 2.5 దాటితే డాక్టర్లు మందు ఆలోచిస్తారు. మీది ఇప్పటికే 3.1, ఈ రిపోర్టు వాళ్లకు తప్పక చూపించండి. కాన్పయ్యాక మూడో నెల, ఆరో నెల కూడా చూపించుకోవాలి. గుండెదడ, విపరీతమైన నీరసం వస్తే 'బాలింత నీరసమేలే' అని వదిలేయకండి.

ఉప్పు మానకండి. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, బిడ్డ మెదడు ఎదుగుదలకు అదే ఆధారం. సముద్రపు నాచుతో చేసిన మాత్రల జోలికి మాత్రం పోవద్దు, అయోడిన్ మోతాదు మించితే గ్రంథి ఇంకా దెబ్బతింటుంది.